నికానా... కెనానా... గుస్సాడీ ముందు!

కరీంనగర్‌లో పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు ఇద్దరు కలిస్తే కాసేపటికి మాట కెమెరా మీదికి మళ్లుతుంది. ఒకరు 'నికానే గట్టిది' అంటే ఇంకొకరు 'కెనాన్‌ల రంగులు చూసినవా' అంటారు. చూసేవాళ్లకు పార్టీ జెండాల గొడవలా ఉంటుంది. అసలు ముడి లెన్సు దగ్గరుంది. బాడీ పాతబడితే మార్చేయొచ్చు. సీజనుకొకటి చొప్పున కూడబెట్టుకున్న లెన్సులు వేరే కంపెనీ బాడీకి ఎక్కవే!

కంపెనీలు మాత్రం మాట మీద నిలబడ్డాయా? 1987లో కెనాన్ ఆటోఫోకస్ కోసం ఈఎఫ్ మౌంట్ తెచ్చింది. దాంతో పాత ఎఫ్‌డీ లెన్సులు మూలనపడ్డాయి. నికాన్ 1959 నాటి ఎఫ్ మౌంట్‌నే కొనసాగించింది. అయినా 2004లో వచ్చిన డీ70కి పాత మాన్యువల్ లెన్సు తగిలిస్తే వెలుతురు కొలిచే మీటరు పనిచేయదు. మినోల్టాను నమ్ముకున్నవారి సంగతి మరీ అన్యాయం. 2006లో ఆ కంపెనీ కెమెరాల వ్యాపారమే వదిలేసింది, మౌంట్ సోనీ చేతికి పోయింది.

ఏది కొనాలో షోరూమ్ అద్దాల ముందు నిలబడితే తేలదు. ధర్మపురి దాటి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి, లక్సెట్టిపేట మీదుగా జన్నారం వెళ్లండి. కవ్వాల్ టేకు అడవిలో దుప్పి కనిపించేది దూరంగానే. అక్కడ కావాల్సింది 300 మిల్లీమీటర్ల లెన్సు. అది రెండు కంపెనీల దగ్గరా ఉంది.

ఉట్నూరు నుంచి జైనూరు వైపు తిరిగితే మార్లవాయి. హైమెండార్ఫ్ దంపతులు 1940లలో గోండుల మధ్య ఉన్న ఊరు ఇదే. ఆయన తీసిన నలుపు తెలుపు ఫొటోలు ఇప్పుడు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. 2021లో పద్మశ్రీ అందుకున్న గుస్సాడీ కళాకారుడు కనకరాజు ఊరూ ఇదే. దీపావళి రోజుల్లో దండారి మొదలైతే నెమలి ఈకల కిరీటాలు గిర్రున తిరుగుతుంటాయి. ఫోకస్ చటుక్కున అందుకోని కెమెరా అయితే ఈకలన్నీ పొగలా వస్తాయి!

కేస్లాపూర్ నాగోబా జాతరది ఇంకో పరీక్ష. పుష్య అమావాస్య రాత్రి మెస్రం వంశీయుల పూజ. అనుమతి లేకుండా ఫ్లాష్ కొట్టడం మర్యాద కాదు. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు ఉంటే దీపాల వెలుగు చాలు. రెండు బ్రాండ్లలోనూ చవకైన లెన్సుల్లో అదొకటి.

మరి దేన్ని ఎంచుకోవాలి? నన్నడిగితే, పక్క స్టూడియో అన్న దగ్గర ఏది ఉంటే అదే. ముహూర్తానికి లెన్సు మొరాయిస్తే అప్పిచ్చేది ఆయనే కదా! 2018లో రెండు కంపెనీలూ మిర్రర్‌లెస్ కోసం మళ్లీ మౌంట్లు మార్చాయి. కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో ఆటోఫోకస్ సహా నడుస్తున్నాయి. నికాన్ అడాప్టర్‌తో మాత్రం, బాడీలోని మోటారు తిప్పితే తిరిగే పాత లెన్సులకు ఆటోఫోకస్ రాదు. అలాంటివి నాలుగైదు బీరువాలో ఉంటే, కొత్త బాడీకి డబ్బు కట్టే ముందు ఆ లెక్క చూసుకోండి.

తిరుగు ప్రయాణంలో కుంటాల చూడొచ్చు. 44వ నంబరు జాతీయ రహదారి మీది నేరడిగొండ నుంచి దారి ఉంది. వానాకాలంలో సుమారు 45 మీటర్ల ఎత్తునుంచి దూకే కడెం తుంపర్లు దూరం దాకా వస్తాయి. లెన్సు మార్చే పని కారులోనే ముగించి, ప్లాస్టిక్ కవరు తొడిగి మెట్లు దిగండి. ఫొటో కోసం బండల అంచుకు మాత్రం వెళ్లొద్దు.