ఇంటిపేరు అడిగిన రోజు

మా నాయన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీలో కూలి. అప్పు చేసి నన్ను ప్రైవేటు స్కూల్లో చేర్పించాడు.

మొదటి రోజే పక్క కుర్రాడు ఇంటిపేరు అడిగాడు. చెప్పాను. మర్నాడు మధ్యాహ్నం నా క్యారేజీ పక్కన ఎవరూ కూర్చోలేదు. సారుకి చెబితే, "ఎవరన్నా కొట్టారా? మరేంటి నీ బాధ?" అన్నాడు.

2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో పేద, అణగారిన పిల్లలకు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు ఇమ్మంది. అందులోనే సెక్షన్ 17 కొట్టడంతో పాటు మానసిక వేధింపులనూ నిషేధించింది.

సీటు చట్టం ఇస్తుంది. పక్కన కూర్చుని తినే తోటి పిల్లాణ్ణి ఎవరిస్తారు? ఇంటిపేరు అడగడం వాడికి నేర్పింది ఇల్లే. చూసి ఊరుకుంది మాత్రం బడి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దీన్ని పిల్లల చేష్టలనకండి. ఫిర్యాదులో 'కులం' అనే మాటే రాయండి.

జై భీమ్.