తలంబ్రాలు అంచున పడ్డాయి

మొన్న అటక దులుపుతుంటే బిస్కెట్ల డబ్బాలోంచి సీడీలు బయటపడ్డాయండీ. ఒకదాని మీద నా కోడిగీతల్లో ‘అమ్మాయి పెళ్లి, 2005’ అని ఉంది. పాత కంప్యూటర్‌లో పెట్టాను. స్నాతకం వచ్చింది, కాశీయాత్ర వచ్చింది. తలంబ్రాల దగ్గరికొచ్చేసరికి డ్రైవు గుర్రుగుర్రుమని మూలిగి ఊరుకుంది. మా ఆవిడ చూసిన చూపు సంగతి మీకు చెప్పక్కర్లేదు.

తప్పు నాదే లెండి. గ్రామఫోను రికార్డు బయటి అంచున మొదలవుతుంది కదా, సీడీ అలా కాదు. మధ్య చిల్లు పక్కన మొదలై జిలేబీ చుట్టినట్టు అంచుదాకా పోతుంది. విప్పి పరిస్తే అయిదు కిలోమీటర్ల పైమాటే! వేలిముద్రలు, గీతలు, కవరు రాపిడి ఎక్కువగా తగిలేది ఆ అంచుకే. నేనేమో 1, 2, 3 అని ఫోల్డర్లకు నంబర్లేసి 700 ఎంబీ నిండా కుక్కాను. తలంబ్రాలు వెళ్లి అంచున కూచున్నాయి.

మరి అంచుకి ఏ గొప్పా లేదా అంటే, ఉంది. వేగం. గానుగ చూశారుగా, రోకలి ఉన్నచోటే తిరుగుతుంటే ఎద్దు అదే చుట్టులో బోలెడు దూరం నడుస్తుంది. డ్రైవు మీద 52ఎక్స్ అని రాసి ఉన్నా ఆ జోరు అంచు దగ్గరే, లోపల అందులో సగం కూడా ఉండదు. డ్రీమ్‌కాస్ట్ అనే వీడియోగేమ్ యంత్రం ఆటల్ని సీడీలకెక్కించుకున్న కుర్రాళ్లకి ఈ కిటుకు తెలుసు. ముందు ఒక ఉత్తుత్తి ఫైలు పెట్టి, అసలు ఆటను అంచుకి తోసేవాళ్లు.

ఆటకైతే సరే. పెళ్లి ఫోటోలకు తొందరేముందండీ? నన్నడిగితే పోకూడనివి లోపలి చుట్టుల్లో, పోయినా పర్లేదనుకున్నవి చివర, అంచున కాస్త ఖాళీ. లినక్స్‌లో ఎంకేఐఎస్ఓఎఫ్ఎస్ అని ఒక ప్రోగ్రాం ఉంది, ఫైళ్లకు బరువులిస్తే ఎక్కువ బరువున్నది ముందు రాస్తుంది. కలిపి చూసే ఫైళ్లు పక్కపక్కనే ఉండాలి. లేకపోతే లెన్సు ఆ కొసకీ ఈ కొసకీ పరుగెడుతుంది, దూకిన ప్రతిసారీ సెకనులో పదో వంతు పైనే గోవిందా. అలాగని అన్నిటినీ ఒకే జిప్‌లో మూటకట్టకండి. దాని జాబితా ఉండేది ఫైలు చివర్లో. అక్కడ గీత పడిందా, మూట విప్పడం నరకం.

మెత్తని గుడ్డతో మధ్యనుంచి అంచుకి తిన్నగా తుడిచాను (గుండ్రంగా తుడవకూడదు, గీత పడితే చుట్టు పొడుగునా పడుతుంది). రాత్రి మళ్లీ పెట్టాను. తలంబ్రాల ఫోటో ఒక్కటి తెరుచుకుంది. పైసగం పెళ్లికూతురు, కిందసగం బూడిదరంగు.

“దోసిలి ఏదీ?” అంది మా ఆవిడ.