మా వెదురు నక్షత్రము

దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలు చెప్పుదురు. కలవారి యింట దీపమునకు గాజు తొడుగులును, గోడలకు పటములును, వాకిళ్లకు పట్టు తెరలును అలంకారములై యుండును. లేనివారి యింట నేమి యలంకార ముండునని కొందఱడుగవచ్చును. వెదురుబద్ద, పాతకాగితము, కొబ్బరిచిప్ప, గుప్పెడు మైదాపిండి, వీనితోనే యింటికి వెలుగును అందమును తేవచ్చునని గడచిన 2024వ సంవత్సరము డిసెంబరులో మేము నేర్చికొంటిమి. అయితే దాని నొక తప్పు చేసి నేర్చికొంటిమి. ఆ తప్పును దాచక వ్రాయుట తోడి విద్యార్థులకు మేలని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పదవ తరగతి చదువుచున్న మేము నలుగురము బోర్డింగు వసారాకు ఒక క్రిస్మసు నక్షత్రమును చేయబూనితిమి. తూర్పు దేశపు జ్ఞానులకు దారి చూపిన నక్షత్రమునకు గుఱుతుగా మన కుటుంబములవారు ఇంటి ముందర దీపముగల నక్షత్రమును వ్రేలాడగట్టుట అందఱు నెఱిగినదే. జనులు దీనిని స్టారు అందురు. మడత విప్పినంతనే సిద్ధమగు నక్షత్రములు ఇప్పుడు బజారులో దొరకుచున్నవి గాని, పెద్దవాని వెల మా చేతి చిల్లరకు మించి యుండెను. కావున మా చేతులతోనే చేయ నిశ్చయించితిమి.

డ్రాయింగు మాస్టరుగారు నల్లబల్లపై గీసి మాకు కొలతలు చూపిరి. 36 అంగుళముల బద్దలు పది కావలెను. ఐదు బద్దలతో ఒక నక్షత్రము, తక్కిన ఐదింటితో మఱియొక నక్షత్రము కట్టవలెను. ప్రతి బద్దను ఇతర బద్దలు రెండు చోట్ల దాటును. ఒక కొననుండి 13¾ అంగుళముల యొద్ద మొదటి కూడలి, రెండవ కొననుండి అంతే దూరమున రెండవ కూడలి, నడుమ 8½ అంగుళములు. ఈ కొలత తప్పినచో నక్షత్ర మొకవైపునకు క్రుంగును. కొనయొద్ద కోణము 36 డిగ్రీలు. ఐదు కొనలును కూడిన 180 డిగ్రీలు, అనగా త్రిభుజములోని మూడు కోణముల మొత్తమునకు సమానము. పుస్తకములో చదివినప్పుడు తలకెక్కని యీ సంగతి పురికొస ముడులు వేయునప్పుడు మాకు బాగుగ తెలిసినది.

పిమ్మట రెండు నక్షత్రములను ఒకదానిపై నొకటి పెట్టి, ఐదు కొనలను బిగించి కట్టి, నడిమి ఐదు కూడళ్లయొద్ద 9 అంగుళముల పుల్లలను అడ్డుగా నిలిపితిమి. అంతట చట్రము రెండు వైపులను ఉబ్బి, దీపమునకు లోపల చోటేర్పడెను. ఎండిన బద్ద వంచిన విరిగిపోవును గాన, ముందు రాత్రియే బద్దలను నీటిలో నానవేసితిమి. వాని యంచులను కత్తితో గీకి నునుపు చేయని మాలో నొకని యరచేతిలో వెదురు పేడు దిగి రెండు దినములు బాధపెట్టినది.

బంకకు కావలసిన మైదాపిండిని మాకు అన్నము వండిపెట్టు అవ్వ యిచ్చెను. పిండిని ముందుగా చన్నీటిలో ఉండలు లేకుండ కలిపి, పిదప సన్నని మంటపై కలియబెట్టుచు ఉడికింపవలెను. పురుగులు కొఱుకకుండ అందు చిటికెడు మైలతుత్తము కలుపుదురు. అది విషము గనుక వంటపాత్రలలో గాక పారవేసిన డబ్బాలో ఉడికించి, పని ముగిసిన వెంటనే చేతులు కడిగికొంటిమి. గాలిపటములకు వాడు పలుచని యెఱ్ఱ కాగితమును, పసుపుపచ్చ కాగితమును చట్రముపై నంటించితిమి.

ఇక మా తప్పు చెప్పెదము. డిసెంబరు 7వ తేది శనివారము రాత్రి ప్రార్థన ముగిసినది. నక్షత్రము వెలుగగా చూడవలెనను ఆత్రము మాకు పట్టరానిదయ్యెను. వార్డెనుగారి కంటబడకుండుటకై బోర్డింగు వెనుకనున్న అవ్వ పాకయొద్దకు పోయి, ఆమె నడుగకయే, తాటాకు చూరునకు దానిని కట్టి, లోపల కొవ్వొత్తి వెలిగించితిమి. చీకటిలో నక్షత్రము మెఱసెను. మేము చప్పట్లు కొట్టితిమి. అంతలో గాలి వీచెను. చట్ర మూగెను. మంట కాగితమును తాకెను. ఱెప్పపాటులో కాగితమంతయు మండి, చూరు జానెడు మేర అంటుకొనెను. మేము కేకలు వేసితిమే కాని మాలో నొక్కని కాలైనను కదలలేదు. అవ్వ లోపలినుండి త్రాగునీటి కడవ నెత్తుకొని వచ్చి మంటపై కుమ్మరించి, నల్లబడిన ఆకును చేతితోనే లాగి పాఱవైచెను.

ఆమె మమ్ము తిట్టునని యెదురు చూచితిమి. ఆమె మా చేతులను ఒక్కొక్కటిగా తిప్పి చూచి, "కాలింది ఆకే కదా నాయనా, మీ చేతులు కాలలేదు గదా" అని మాత్రమనెను. ఆ మాటకు కలిగినంత సిగ్గు వార్డెనుగారి శిక్షకును మాకు కలుగలేదు. రెండు శనివారములు ఆట మాని, తాటాకు తెచ్చి, చూరును మేమే బాగుచేయవలెనని వారు శాసించిరి. అది న్యాయమే.

మఱునాడు మాస్టరుగారు కాలిన చట్రమును ముందు బెట్టుకొని, "తప్పెవరిది?" అని యడిగిరి. గాలిదని మాలో నొకడనెను. వారు నవ్వి కారణమును వివరించిరి. వేడిగాలి పైకెగయును. మేము అన్ని వైపుల కాగిత మంటించి, పై కొనలో చిన్న రంధ్రమైనను విడువలేదు; వేడిమి అచ్చటనే నిలిచినది. కొవ్వొత్తిని చట్రమునకే కట్టితిమి గనుక చట్రముతోపాటు మంటయు వంగినది. కార్తికమాసమున మన పొరుగువారు ఆకాశదీపమును రంధ్రములుగల పాత్రలో నుంచి పైకెత్తుట మేమును చూచితిమి. మంటకు చుట్టు మండని గోడ యుండవలెనను తెలివి అందు కలదు. కాగితమునకు ఆ గుణము లేదు.

జర్మనీ దేశమున నీస్కీ యను ఊరిలో మొరేవియను సంఘమువారి బాలుర పాఠశాల యుండెననియు, 19వ శతాబ్దపు మొదటి సగమున అచ్చటి విద్యార్థులు క్షేత్రగణిత పాఠముగా కాగితపు నక్షత్రములను చేసిరనియు వారే మాకు చెప్పిరి. ఇప్పుడు సామాన్యముగా కనబడు మొరేవియను నక్షత్రమునకు నాలుగు పక్కల మొదలుగల కొనలు 17, మూడు పక్కల మొదలుగల కొనలు 8 ఉండును. దీపము పెట్టుటకు ఒక ముఖము ఖాళీగా విడుతురు. ఫిలిప్పీను దీవులలో మావలెనే వెదురుతోను కాగితముతోను నక్షత్రములు కట్టుదురు. ఎక్కడో మావంటి బడిపిల్లలు చేసిన పనినే మేమును చేయుచున్నామని వినగా మా మనసులు కొంత కుదుటబడెను.

చట్రములో మూడు బద్దలు మాత్రము బొగ్గయినవి. వానిని మార్చి మరల కట్టితిమి. ఈ మాఱు పై కొనను, వెనుకవైపు ఒక త్రిభుజమును కాగితము లేకుండ విడిచి, నడుమ కొవ్వొత్తికి బదులు 9 వాట్ల ఎల్‌.ఇ.డి. బల్బును వ్రేలాడదీసితిమి. పాతకాలపు తీగబల్బు తాను తీసికొను విద్యుత్తులో అధిక భాగమును వేడిమిగా పోగొట్టును. ఈ బల్బు, 60 వాట్ల తీగబల్బునకు దాదాపు సమానమైన వెలుగునిచ్చుచు, మిక్కిలి తక్కువగా వేడెక్కును. అయినను అది కాగితమును తాకకుండ తీగను పుల్లకు బిగించితిమి. తీగ కలుపు పనిని పెద్దవారిచేతనే చేయించితిమి. ఖర్చు వివరము: వెదురు 80 రూపాయలు, కాగితము 50, పురికొస 20, హోల్డరును తీగయు 90, బల్బు 80, మొత్తము 320 రూపాయలు. రాత్రికి ఆరు గంటల చొప్పున ఇరువది రాత్రులు వెలిగినను ఒక యూనిటుకు కొంచెము మించిన విద్యుత్తు మాత్రమే పట్టును.

నక్షత్రము సిద్ధమైన నాడు మాలో వాద మొకటి పుట్టెను. వసారాలను బాగుగ నలంకరించిన తరగతికి బహుమాన మున్నది. దీనిని వసారాకు కట్టిన బహుమానము మాకే దక్కునని ఇద్దఱనిరి. తక్కిన ఇద్దఱు మాటాడక మేము క్రొత్తగా కప్పిన చూరువైపు చూచిరి. ఆ చూపుతో వాదము ముగిసెను. వసారాకు పాత నోటు పుస్తకముల కాగితములను కత్తిరించి, రంగులద్ది, గొలుసులుగా అంటించి కట్టితిమి. అవ్వ వంటశాలలో పోగైన కొబ్బరిచిప్పలను గాజుపెంకుతో గీకి, ఉప్పుకాగితముతో రుద్ది, సన్నని రంధ్రములు తొలిచి, కొబ్బరినూనె పూసితిమి. లోపల చిన్న బల్బు పెట్టినచో ఒక్కొక్క చిప్ప గోడపై చుక్కల ఆకాశమును చూపును. అవి ఆమె గుమ్మమునకు రెండు వైపులకును సరిపోయినవి.

క్రిస్మసు ముందటి రాత్రి నక్షత్రమును తీసికొని పోయి, ఈ మాఱు అడిగి, ఆమె సెలవిచ్చిన పిదపనే చూరునకు కట్టితిమి. మీట నొక్కగానే ఎఱ్ఱని వెలుగు పాకపై పడెను. అవ్వ ఒక అడుగు వెనుకకు వేసెను. ఆమె భయమును చూచి మేమును మాటాడలేకపోతిమి. కొంతసేపటికి ఆమె దగ్గఱకు వచ్చి, కాగితముపై అరచేయి ఆనించి, చాలసేపు అట్లే యుంచెను. "చల్లగానే ఉంది నాయనా" అని, పొరుగువారిని పిలుచుకొని వచ్చుటకు పోయెను.

బహుమానము వేఱొక తరగతికి దక్కినది. దానికి మాకు చింత లేదు. ఈ వేసవితో మేము ఈ పాఠశాలను విడిచిపోవుదుము. చట్రము బోర్డింగు అటుకపై గుడ్డ చుట్టి భద్రముగా ఉన్నది. మా తరువాత వచ్చు తమ్ములారా, వచ్చు డిసెంబరులో దానిని దింపి, కాగితము మాత్రము మార్చి, అవ్వ చూరునకు కట్టుడి. మొదట ఆమె నడుగుడి.