సజ్జకు చువ్వలు ఎటువైపు?

తిరుత్తణి నుంచి తిరువళ్లూరు మీదుగా చెన్నై వెళ్లే పొద్దుటి లోకల్‌లో గేట్ పుస్తకాలు పట్టుకున్న కుర్రాళ్లు కనబడుతుంటారు. వాళ్లలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి ఎంటెక్ చేస్తానంటున్న మా వీధి కుర్రాడొకడు. ఇంట్లో తెలుగు, బయట తమిళం. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లిన తాలూకా మరి.

"బీటెక్ లేకుండా ఎంటెక్ ఏంటి?" అంటారు చుట్టాలు. దారి కొత్తదేం కాదు. 1949లో పెట్టిన క్రోంపేట మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ చాలా ఏళ్లు బీఎస్సీ వాళ్లను చేర్చుకుని ఇంజినీర్లను తయారుచేసింది. తిరుచ్చిలో ఫిజిక్స్ చదివిన అబ్దుల్ కలాం అక్కడే ఏరోనాటిక్స్ చదివారు. అయితే అది మూడేళ్ల చదువు, మొదటి నుంచీ నేర్పేది. ఎంటెక్ రెండేళ్లే, పునాది ఉందనుకునే మొదలుపెడతారు.

ఆ తేడా మొన్న మా మేడ మీద తెలిసింది. దూలం వంపుకు నాలుగో పరిమాణపు అవకలన సమీకరణాన్ని చిటికెలో సాధించే కుర్రాడు, సజ్జకు చువ్వలు పైన కట్టాలా కింద కట్టాలా అంటే ఆగిపోయాడు.

"పైనే బాబూ, స్లాబుకైతే కింద," అన్నాడు మేస్త్రి, నోట్లో బీడీ తీయకుండానే.

కాంక్రీటు నొక్కుడుకు ఆగుతుంది, లాగుడుకు పగులుతుంది. సజ్జ పైవైపు సాగుతుంది, స్లాబు కిందివైపు; సాగేవైపే ఇనుము ఉండాలి. కుర్రాడు గోడ మీద బొగ్గుతో బొమ్మ గీసి, తన లెక్కలోని మైనస్ గుర్తు ఇదేనని పట్టేశాడు. ఆ ఆనందం బీటెక్‌లో చాలామందికి దక్కదని నా అనుమానం.

ఏ శాఖ ఎమ్మెస్సీని రానిస్తుందో, రేపటి ఉద్యోగ ప్రకటన మొదటి డిగ్రీ ఏదని అడుగుతుందో మాత్రం అప్లికేషన్ పెట్టకముందే చూసుకోమన్నాను.