మూడు పాయల జడ

మా తమ్ముడికి ముందు పోయింది వినికిడి. కిడ్నీల సంగతి తర్వాత తెలిసింది. పదకొండేళ్ళప్పుడు సన్నటి చప్పుళ్ళు వాడికి అందడం మానేశాయి. బళ్ళో పరధ్యానం అన్నారు, ఇంట్లో మొండితనం అనుకున్నాం. ఇరవై ఒకటో ఏట కాళ్ళు వాచి, ములుగు నుంచి హనుమకొండ, అక్కణ్ణుంచి హైదరాబాద్ తిరిగాక, చెవులకీ కిడ్నీలకీ కలిపి ఒకటే పేరు చెప్పారు: ఆల్‌పోర్ట్ సిండ్రోమ్. ఒక కుటుంబంలో చెవుడూ, కిడ్నీ జబ్బూ జంటగా నడుస్తున్నాయని 1927లో రాసిన డాక్టరు పేరు అది.

చెవికీ కిడ్నీకీ ఏం చుట్టరికం?

కొల్లాజెన్. ఇన్‌స్టా తెరిస్తే ముఖం మెరుపు కోసం అమ్ముతున్న పొడి, పాయా సూపు చల్లారితే పేరుకునే జిగురు, అన్నీ ఆ ఇంటివే. కానీ మనకు తెలిసిన కొల్లాజెన్ ఎక్కువగా తాళ్ళ రకం: చర్మంలో, ఎముకలో, నరాలని మనం పిలుచుకునే స్నాయువుల్లో పీచులుగా ఉంటుంది. తమ్ముడిలో తేడా వచ్చింది నాలుగో రకంలో. ఇది తాడు కాదు, వల. కణాల వరసల కింద చాపలా పరుచుకుని ఉండే ఆధారత్వచానికి ఇదే అల్లిక. 1966లో నికొలస్ కెఫలిడీస్ దీన్ని కుక్క కిడ్నీల్లోంచి వేరుచేసి చూపించాడు.

రెండు రకాల్లోనూ అణువు మాత్రం జడే. మూడు గొలుసులు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయి. ఈ మూడు పాయల అల్లికను 1954-55ల్లో మద్రాసు యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా లెక్కగట్టారు. ప్రతి గొలుసులోనూ మూడో స్థానంలో గ్లైసిన్ ఉండి తీరాలి. అమైనో ఆమ్లాలన్నింటిలో చిన్నది అదే. మూడు పాయలు కలిసే నడుమ ఇంకోదానికి చోటు లేదు.

నాలుగో రకం జడ ఒక కొసన నాలుగు అణువులు ముడిపడతాయి, రెండో కొసన రెండు. అలా వల అవుతుంది. ఆ రెండో కొస ముడిలో గంధకం, నత్రజని పట్టుకునే ఒక బంధం ఉందని 2009లో గానీ తెలియలేదు. అది పడాలంటే ఒంట్లో కాస్త బ్రోమిన్ కావాలని 2014లో తేలింది.

ఈ వల మీదే రోజుకి దాదాపు 180 లీటర్ల ద్రవం కిడ్నీల్లో వడపోతకొస్తుంది. పుట్టకముందు అక్కడ ఒకరకం గొలుసుల వల ఉంటుంది. తర్వాత దాని స్థానంలో మూడు, నాలుగు, ఐదు నంబర్ల గొలుసులతో అల్లిన గట్టి వల రావాలి. చెవి లోపలా, కంటి కటకం చుట్టూ కూడా ఇవే గొలుసులు. తమ్ముడి ఐదో గొలుసులో ఒకేఒక్క చోట గ్లైసిన్ బదులు లావుపాటి అర్జినిన్ వచ్చి కూర్చుంది. కొత్త వల కుదరలేదు. పసినాటి వలే ఇరవయ్యేళ్ళు మోసి మోసి చిరిగింది.

ఐదో గొలుసు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కొడుక్కి ఎక్స్ వచ్చేది తల్లి నుంచే. డాక్టరు ఈ మాట మామూలుగానే చెప్పారు. మా ఇంటికొచ్చేసరికి అది తీర్పైపోయింది. "తల్లి దిక్కు నుంచి వచ్చిందంట" అని నానమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. అమ్మ ఏం మాట్లాడలేదు. ఆమె తమ్ముడు, మా మేనమామ, ఇరవై మూడేళ్ళకి కాళ్ళు వాచే పోయాడు. అప్పుడు గాలి సోకిందన్నారు. రాత్రి నా పక్కన పడుకుని అడిగింది: "నా కడుపుల్నుంచే వచ్చిందా బిడ్డా?"

వచ్చింది. మన భాషలో రోగం వస్తుంది, ఎవరూ ఇవ్వరు. నేను పట్టుకున్నది ఆ ఒక్క మాటనే. నీ దగ్గర రెండు ఎక్స్‌లున్నయి, ఏది పోవాల్నో నువ్వు ఏరలేదు, అన్నాను.

ఇంకోటీ చెప్పాను. తాళ్ళ కొల్లాజెన్‌లో గ్లైసిన్ నియమం వెయ్యి చోట్లకు పైగా ఎక్కడా తప్పదు, అందుకే అది బిర్రుగా ఉంటుంది. నాలుగో రకంలో మాత్రం ఆ నియమం మామూలు మనుషుల్లో కూడా ఇరవైకి పైగా చోట్ల తప్పుతుంది. అక్కడక్కడ జడ వంగుతుంది. వంగబట్టే అది వల కాగలిగింది. పాలంపేట మాకు దగ్గరే. 1213 నాటి రామప్ప గుడి పునాదిలో ఇసుక పోశారని, నేల కదిలితే ఆ ఇసుక సర్దుకుంటుందని బడిలో విన్నదే. అమ్మకు అది తెలుసు. "అంటే తప్పినచోటల్లా రోగం కాదన్నట్టు" అంది. కాదు. ఏ చోట తప్పిందన్నదే లెక్క.

తమ్ముడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పోతాడు. బాపుకి షుగర్, కిడ్నీ ఇవ్వలేడు. అమ్మ ఇస్తానంది. ఆమె మూత్రంలో కంటికి కనిపించనంత రక్తం ఉంది. నా మూత్రంలోనూ ఉంది. జన్యుపరీక్షలో నాకూ అదే అక్షరం మారి ఉంది. ఇంకో ఎక్స్ బాపుది, మంచిది. అదే నన్ను కాస్తోంది. ఎంతకాలం కాస్తుందో ఏటేటా బీపీ, మూత్రపరీక్ష చెప్పాలి. ముందే తెలిస్తే బీపీకిచ్చే రామిప్రిల్ లాంటి మందులు ఈ జబ్బులో కిడ్నీలని ఏళ్ళ తరబడి కాపాడగలవు. మేనమామకి ఆ అవకాశం లేదు. తమ్ముడికి ఉండాల్సింది.

నాకు సంబంధాలు చూస్తున్నారు. నాకు పుట్టే ఒక్కో బిడ్డకీ ఇది బొమ్మా బొరుసా. వచ్చేవాళ్ళకి చెప్పొద్దంటుంది అమ్మ, తన మీద పడ్డ మాటలు నా మీద పడకూడదని. నేను మొదటి మాటలోనే చెప్తానంటున్నాను. మేనమామకి గాలి సోకిందని ఊరుకోకుండా ఎవరైనా మూత్రం పరీక్ష చేయించి ఉంటే, మా తమ్ముడి చెవులు మందగించిన రోజే కిడ్నీల వైపు చూసేవాళ్ళం. దీని మీద మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు.