అమ్మీ రిసీవరు

వృద్ధులకు ఫోనులో మాట వినబడకపోతే లోపం చెవులదేనని ఇంటివారు ఇట్టే తీర్మానిస్తారు. మా అమ్మీ విషయంలోనూ బంధువులు అదే అన్నారు. ఆమె వాదించలేదు, జిద్దాలోని తమ్ముడు ల్యాండ్‌లైనుకు ఫోను చేస్తే సలాము చెప్పి, రిసీవరును నా భార్య చేతికి అందించేవారు. పక్కగదిలో పాలు పొంగే చప్పుడు వినగల మనిషి ఆమె! నాకు అనుమానం వచ్చింది.

లైను తొలగించి రిసీవరు మరలు విప్పాను. లోపలికి వచ్చే నాలుగు తీగలలో రెండు మైకుకు, రెండు స్పీకరుకు. స్పీకరు తీగలు విడదీసి, గోడగడియారపు 1.5 వోల్టుల సెల్లును దానికి క్షణకాలం తాకించాను. అయస్కాంతంపై చుట్టిన తీగలో విద్యుత్తు పారగానే ఎదుటి పల్చని ఇనుపరేకు కదలి ‘టిక్కు’మనాలి. అణగిన గరగర మాత్రమే వినిపించింది. తుప్పురజను అయస్కాంతానికి అంటుకొని రేకును సరిగా కదలనివ్వడం లేదు. ఎన్నేళ్ల తేమో మరి!

మరమ్మతు దుకాణంలోని పాత ఫోనుల కుప్పలో అదే కొలత, అదే నిరోధం గల స్పీకరు దొరికింది. కొత్త ఫోనే కొనమన్నాడు దుకాణదారుడు. కాని అమ్మీ చేతికి ఆ బరువైన రిసీవరే అలవాటు. రెండు టంకాలతో పని ముగిసింది.

శుక్రవారం తమ్ముడు ఫోను చేశాడు. “అంత గట్టిగా అరవకు బేటా, బాగానే వినబడుతోంది” అన్నారు అమ్మీ. ఆ రోజు నా భార్య వంతు రానేలేదు.