నడికుడి ఎండకి ఆగే మార్కర్

పెయింట్‌బాల్ ఆడేవాళ్ళు చేతిలో ఉన్నదాన్ని గన్ అనరు, మార్కర్ అంటారు. హైదరాబాద్‌లో టీమ్ అవుటింగులకి వెళ్ళినప్పుడు అక్కడి కుర్రాడు మాస్కు తగిలిస్తూ మీకీ ముక్క చెప్పే ఉంటాడు. మనం తలూపేసి, మేనేజరుగారు ఏ డ్రమ్ము వెనక దాక్కున్నాడా అని వెతుక్కునే పనిలో పడిపోతాం.

మర్యాదకి పెట్టిన పేరులా వినిపిస్తుంది గానీ నిజానికి దాని పుట్టుకే అది. అమెరికాలో నెల్సన్ అనే రంగుల కంపెనీ ఉంది. అడవిలో కొట్టాల్సిన చెట్ల మీద దూరం నుంచే గుర్తు పెట్టడానికీ, మందలో పశువుల మీద చుక్క వేయడానికీ 1970ల్లో వాళ్ళొక పిస్తోలు అమ్మారు. నెల్‌స్పాట్ 007 దాని పేరు. (మా ఊరి వైపు గొర్రెల కాపర్లు మందలు కలిసిపోకుండా వీపు మీద రంగు పూస్తారు. పని అదే, పిస్తోలు లేదంతే.) 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్‌లో హెన్నికర్ దగ్గర అడవిలో పన్నెండు మంది దీంతో మొదటి ఆట ఆడారు. గెలిచినాయన ఎవర్నీ కాల్చకుండానే జెండాలన్నీ పట్టుకొచ్చేశాడట. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే.

ఆ తర్వాత డిజైను పోయిన దారి చూడండి. 1990ల్లో షాకర్, ఏంజెల్ లాంటివి సోలనాయిడ్ వాల్వుతో, సర్క్యూట్ బోర్డుతో వచ్చాయి. అక్కణ్ణుంచి గోలంతా సెకనుకి ఎన్ని గుండ్లు అనే. మనవాళ్ళకి బాగా అర్థమయ్యే ముచ్చట ఒకటుంది. ట్రిగ్గర్ స్విచ్ ఒకసారి నొక్కితే లోపలి కాంటాక్టు నాలుగైదు సార్లు అదురుతుంది, అందుకని కొన్ని మిల్లీసెకన్లు ఆగి లెక్కపెట్టమని కోడ్‌లో రాస్తాం కదా, డీబౌన్స్ అని. కొందరు ఆటగాళ్ళు ఆ విలువని బాగా తగ్గించేశారు. వేలు ఒకసారి కదిపితే మూడు గుండ్లు! బగ్గునే ఫీచరుగా వాడుకోవడం మన ఒక్క ఇండస్ట్రీలోనే అనుకోకండి. చివరికి లీగుల వాళ్ళే దిగొచ్చి సెకనుకి ఇన్నే అని పరిమితి పెట్టి, దాన్ని కూడా పదిహేను నుంచి పది చిల్లరకి తగ్గించారు. వేగం మీద మోజు తీరాక రూపం మీద పడ్డారు. ఇప్పుడు అచ్చం మిలటరీ రైఫిల్‌లా, మ్యాగజైన్ తగిలించుకునేవి వస్తున్నాయి.

ఇదంతా నాకెందుకంటే, మా మేనల్లుడి వల్ల. సికింద్రాబాద్ నుంచి నల్గొండ, మిర్యాలగూడ మీదుగా గుంటూరు పోయే రైలెక్కితే కృష్ణ దాటాక నడికుడి జంక్షన్ వస్తుంది, మాది ఆ ఊరు. 2025లో మిర్చి రేటు పడిపోయాక వాడికి సేద్యం మీద విరక్తి పుట్టింది. రోడ్డు పక్కన ఎకరంన్నరలో పెయింట్‌బాల్ పెడతానంటాడు. పన్నెండు మార్కర్లకి కొటేషన్ వాట్సాప్‌లో పంపి "మావయ్యా, నువ్వు ఇంజనీరువి గదా, ఇవి కొనొచ్చా?" అన్నాడు. ఊళ్ళో ఫ్యాను తిరక్కపోయినా సాఫ్ట్‌వేర్ ఇంజనీరునే అడుగుతారు, అది మామూలే. కానీ ఇది వాళ్ళమ్మ బంగారం కుదువపెట్టి తెచ్చే డబ్బు. అందుకని కూర్చుని చదివాను.

కొటేషన్‌లో ఉన్నవి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌తో నడిచేవి, నల్ల రంగు, ఏకే-47 ఆకారం. ముందు గ్యాసు సంగతి. సిలిండర్‌లో అది ద్రవంగా ఉంటుంది, 20 డిగ్రీల దగ్గర ఒత్తిడి సుమారు 57 బార్. 31 డిగ్రీలకి 74 అవుతుంది. ఆపైన ఇక ద్రవమనేదే ఉండదు, వేడి కొద్దీ ఒత్తిడి ఎగబాకుతుంది. ఒత్తిడి పెరిగితే గుండు వేగమూ పెరుగుతుంది. నడికుడిలో 31 డిగ్రీలంటే మనవాళ్ళు చల్లగా ఉందంటారు! మే నెలలో 40 దాటడం మాకు వింత కాదు. మామూలు గుండు మూడు గ్రాములు, మైదానాల్లో గరిష్ఠ వేగం సెకనుకి 300 అడుగులు, అంటే 12 జౌల్స్ పైమాట. పొద్దున సరిచేసిన మార్కర్ మధ్యాహ్నానికి ఆ గీత దాటేస్తే దెబ్బ తినేది ఎవడో ఇంటర్ పిల్లాడు. గుండు పెంకు జెలటిన్, మనం మింగే చేపనూనె గొట్టాల్లాంటిదే. వేడికి మెత్తబడి గొట్టంలోనే పగుల్తుంది. రెగ్యులేటర్ ఉన్న గాలి సిలిండర్ అయితే ఈ గొడవ చాలావరకు ఉండదు గానీ, దాన్ని 200 బార్‌కి నింపే కంప్రెసర్ కొనాలంటే ఇంకో గాజుల జత పోవాలి.

రూపం సంగతి మా నాన్న తేల్చేశారు. "ఏరా, ఎలక్షన్లప్పుడు ఆ నల్లది భుజానేసుకుని దాచేపల్లి సెంటర్లో బండి మీద పోతే, పోలీసాయన దగ్గరకొచ్చి అందులో రంగుందా ఇంకేమన్నా ఉందా అని చూస్తాడా?" 2024 మేలో పోలింగ్ తర్వాత జిల్లాలో 144 సెక్షన్ పెట్టారు, ఎస్పీని సస్పెండ్ చేశారు. ఆ రోజుల్లో ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఆ మాట అతిగా అనిపించదు. కారెంపూడిలో ఏటా కార్తీకంలో జరిగే వీరుల ఉత్సవాల్లో ఒక రోజు పేరే కోడిపోరు. ఆటగా వేసిన పందెం ఎక్కడిదాకా పోయిందో పల్నాటి వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నట్టు, అమెరికాలో బొమ్మ తుపాకీ మూతికి నారింజ రంగు ఉండాలని 1988 నుంచి చట్టం ఉంది, కానీ పెయింట్‌బాల్‌కి అందులో మినహాయింపు ఇచ్చేశారు. నాకు మింగుడుపడని మినహాయింపు అది.

ఇంతకీ రాబోయే మార్కర్ ఎలా ఉండాలంటే, నా లెక్కలో గ్యాసే ఉండకూడదు. స్ప్రింగుతో, చేత్తో లాగి ఒక్కో గుండు వేసేది కావాలి. ఇలాంటివి చిన్న గుండ్లతో, అర అంగుళం సైజువి, ఇప్పటికే ఉన్నాయి. స్ప్రింగుకి మన ఎండ పెద్దగా పట్టదు. 1.2 గ్రాముల గుండు సెకనుకి 200 అడుగులతో పోతే రెండు జౌల్స్ చిల్లర. మాస్కు ఎలాగూ తప్పదు గానీ ఒళ్ళు కమిలిపోదు. ఎన్ని గుండ్లు అనేది కోడ్‌లో కాదు, ఇనుములోనే కట్టడి అయి ఉంటుంది, ఏ తెలివిగలవాడూ డీబౌన్స్ మార్చలేడు. లోపలి వాషర్లు, ఓరింగులు తైవాన్ పంపులు బాగుచేసే మెకానిక్ దగ్గర దొరికే సైజులై ఉండాలి. ఆకారం ఎలాగంటారా, వసంతం చల్లుకునే చిమ్మనగోవి మనకుండగా కలష్నికోవ్ ఎందుకండీ?

వాడు ఊరికే ఒప్పుకోలేదు. "చిమ్మనగోవి పట్టుకోడానికి గుంటూరు నుంచి కాలేజీ కుర్రాళ్ళొస్తారా మావయ్యా? వాళ్ళొచ్చేదే ఏకేతో ఫోటో దిగడానికి" అన్నాడు. వాడి మాటలో నిజం ఉంది. టికెట్టు అమ్మేది ఆటని కాదు, ఆ ఫోటోనే. నా దగ్గర దానికి సరైన జవాబు లేదు. పన్నెండు కాకుండా ఆరు, స్ప్రింగువి, దసరా సెలవుల దాకా నడిపి చూడరా అన్నాను. ఏ కళనున్నాడో, సరేనన్నాడు.

ఇప్పుడు పేచీ రంగు దగ్గర. పసుపు వాడితే ఒక పార్టీ, నీలం వాడితే ఇంకోటి, ఎరుపుకీ కాషాయానికీ కూడా మనుషులున్నారు. అవతలివాడి చొక్కా మీద ఏ రంగు పడ్డా ఊళ్ళో దానికో అర్థం తీస్తారు. గులాబీ అయితే నది అవతలి పార్టీది, మనకి గొడవుండదని చెప్పాను. గులాబీ గుండ్లు ఎక్కడ దొరుకుతాయో కనుక్కుంటున్నాడు.